గృహారోగ్యము: మానరాని మాత్ర



మా బంధువులలో నొకామెకు హెచ్.ఐ.వి. గలదు. ఎట్లు వచ్చినదని మీరడుగవలదు, నేనును అడుగలేదు. ఆమె యనుమతితోడనే యిది వ్రాయుచున్నాను. ప్రభుత్వ కేంద్రమున వెల లేకుండ నిచ్చు మాత్రను అయిదేండ్లుగా ప్రతి రాత్రియు తప్పక పుచ్చుకొనుచుండెడిది. క్రిందటి యేడు మేనకోడలి పెండ్లికి పోవుచు, పదిమంది యెదుట డబ్బా తీయుటకు సిగ్గుపడి, దానిని ఇంటనే విడిచిపోయినది. తిరిగి వచ్చిన పిదపను మొదలుపెట్టలేదు. ఒడలు బాగుగనే యున్నది గదా యనుకొన్నదట!

రెండు నెలలకు కన్నులు పచ్చబడినవి. అన్నము సహింపదయ్యెను. అప్పుడు నేను చేసిన పని చెప్పుకొనుటకే సిగ్గగుచున్నది. కామెర్లకు పసరు పోయు నొకాయన కడకు నేనే యామెను వెంటబెట్టుకొని పోతిని. కామలా రోగమునుగూర్చి నాలుగు శ్లోకములు చదివితినను గర్వము నాది. మూడవ దినమున నామె మగతలో పడగా ఆసుపత్రికి చేర్చితిమి.

రక్తము పరీక్షించి వైద్యురాలు చెప్పిన దిది. ఆమెకు హెచ్.ఐ.వి.తోపాటు హెపటైటిస్-బి యను కాలేయవ్యాధియు నున్నది. రెండును రక్తముచేతను, దాంపత్య సంబంధముచేతను, తల్లినుండి బిడ్డకును సోకునవి గనుక నొకే దేహమున చేరుట వింత గాదు. 2015 సంవత్సరమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన యంచనాలో హెచ్.ఐ.వి. గలవారిలో నూటికి 7.4 వంతున ఇదియు నున్నది. ఆమె మ్రింగు మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ అను మందులు రెండు వ్యాధులను అణచునవి. ఒకదానికని తినుచున్న మాత్ర, ఆమె యెరుగకయే, రెండవదానిని కూడ కట్టివేసియుంచినది. అది మానగా అణగియున్న హెపటైటిస్ లేచి కాలేయముపై బడినది. వైద్యులు మందు మార్చునపుడు సైతము ఈ సంగతి చూచుకొనియే మార్చవలెనట.

హెచ్.ఐ.వి. గల ప్రతివారును ఈ పరీక్ష చేయించుకొనవలెను. లేదని తేలినవారికి టీకా గలదు. అయితే వీరికది కొన్నిసార్లు చాలినంత పట్టదు గనుక, పట్టినదో లేదో మరల రక్తము చూపించుకొనుట మంచిది. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపల తొలి టీకా వేయింపవలెను.

కామెర్లని విని యత్తగారు వేరు గ్లాసు పెట్టగా, నేను పోయి మానిపించితిని. కలిసి భుజించుటచే నీ రెండును సోకవు. గడ్డపు బ్లేడు, టూత్ బ్రష్షు మాత్రము ఎవరివి వారికే యుండవలెను.

ఆమె కోలుకొనుటకు మూడు మాసములు పట్టినది. ఆ మాత్రనే మరల వాడుచున్నది. ఇప్పుడు ఊరికి పోవునపుడు చీరలకంటె ముందు పెట్టెలో డబ్బాయే సర్దును. ఎవరైన నడిగినచో "కాలేయమునకు మందు" అని చెప్పునట. అది యసత్యమును గాదు గదా!