శాస్త్రమూ సాహిత్యమూ ఒకే పట్టాలో

పదవ తరగతి ముగిసిన విద్యార్థి ఎం.పి.సి., బై.పి.సి. వైపో, సి.ఇ.సి., హెచ్.ఇ.సి. వైపో నడవవలసి వస్తుంది. ఒక దారి పట్టినవారికి రెండవది క్రమంగా దూరమవుతుంది. శాస్త్ర విద్యార్థికి భాష మార్కుల కోసమే. సాహిత్య విద్యార్థికి శాస్త్రమంటే జంకు. ఈ ఎడబాటు వల్ల మిక్కిలి నష్టపోతున్నవి మన మాతృభాషలే.

పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లెక్క తెలియని కవికి గాని, పద్యం రాని గణితజ్ఞునికి గాని అది సాధ్యమయ్యే పని కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒకప్పుడు ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించగలిగిందంటే, అందుకు దారుల్ తర్జుమా అనువాదకుల కృషే ఆధారం. శాస్త్రమూ భాషా రెండూ ఎరిగినవారు లేనిదే అటువంటి కృషి మళ్లీ జరగదు.

కళలకూ శాస్త్రాలకూ నడుమ కఠినమైన విభజన ఉండరాదని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. రెండింటినీ పైపైన తాకితే ఏదీ అబ్బదన్న శంక సమంజసమే. కాబట్టి ఒకదానిని లోతుగా, రెండవదానిని శ్రద్ధగా చదివే ఏర్పాటు కావాలి. రసాయన ప్రయోగశాల, ఉర్దూ కవిత్వ తరగతి ఒకే గంటలో పెడితే మాత్రం ఎంత గొప్ప విధానమైనా కాగితం మీదనే నిలిచిపోతుంది. సంస్కరణ టైంటేబుల్ నుండే ఆరంభం కావాలి.

విజ్ఞానం లేని భాష ఎదగదు. ప్రజల భాషలో పలకని విజ్ఞానం ప్రజలది కాదు.