బ్యాటరీకి దాహమేస్తే...

కరెంటు పోతేనేం, ఇన్వర్టర్ ఉందిగా అనుకుంటాం. మొన్న వేసవిలో మా ఇంట్లో ఆ ధీమా పది నిమిషాలే నిలిచింది. రెండేళ్లయినా నిండని బ్యాటరీ! మెకానిక్ మూతలు తీసి చూపిస్తే ప్లేట్లు పైకి తేలి కనిపించాయి. ‘‘నీళ్లు పోయలేదా సార్?’’ అన్నాడు. గుర్తొచ్చినప్పుడు పోశాం, అదీ మినరల్ వాటర్.

ఛార్జింగ్ అవుతున్నప్పుడు లోపలి నీళ్లు కొంత హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి బయటికి పోతాయి. యాసిడ్ అలాగే ఉంటుంది. అందుకే యాసిడ్ పోయకూడదు, డిస్టిల్డ్ వాటరే పోయాలి. మినరల్ వాటర్‌లోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి. పూర్తిగా ఛార్జి అయ్యాక, పచ్చగీత దాకా పోస్తే చాలు. మట్టం చూడ్డానికి అగ్గిపుల్ల గీసేవాళ్లూ ఉన్నారు! ఆ హైడ్రోజన్ అంటుకుంటే బ్యాటరీ పేలుతుంది. టార్చిలైటు వాడండి. గాలాడని అలమరలో బ్యాటరీ పెట్టకండి.

12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1800 వాట్ అవర్లు. అందులో సగమే వాడుకుంటే ఎక్కువకాలం మన్నుతుంది. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు కలిపి 190 వాట్లనుకుంటే, ఇన్వర్టర్‌లో పోయేది పోగా సుమారు నాలుగు గంటలు. ఇస్త్రీపెట్టె జోలికి వెళ్లొద్దు. ఖాళీ అయిన బ్యాటరీని ఛార్జి చేయకుండా రోజులతరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జి చేసినా పాత బలం రాదు.

లోపలి సీసానికి విలువుంది కాబట్టి పాతదానికి ఎక్స్ఛేంజిలో కొంత తగ్గించారు. ఇప్పుడు క్యాలెండర్‌లో ప్రతి ఒకటో తారీఖు దగ్గర ‘నీళ్లు’ అని రాసిపెట్టింది మా అమ్మాయి.