నిధుల గడువు కంటే సేద్యపు అదను ముందు

పరిశోధన ప్రతిపాదనలను ఆహ్వానిస్తూ నిధుల సంస్థల నుండి ప్రకటన వెలువడినప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా కనిపించే తీరు ఒకటి ఉంది. ప్రధాన పరిశోధకులు తమ విభాగంలోనే కూర్చొని ప్రతిపాదనను రూపొందిస్తారు. గడువుకు నాలుగైదు రోజుల ముందు ఇతర విభాగాల సహచరులకు ఫోన్ చేసి బయోడేటా, సమ్మతి పత్రం కోరుతారు. కృషి విజ్ఞాన కేంద్రం పేరు చివరి పేజీలో ‘ఫలితాల వ్యాప్తి’ అన్న శీర్షిక కింద చేరుతుంది. ప్రతిపాదన గడువులోగా చేరుతుంది గానీ, అందులో పేర్కొన్న శాస్త్రవేత్తలు ఆ సమస్యపై ఒక్కసారి కూడా కలిసి చర్చించి ఉండరు.

దీని వల్ల కలిగే నష్టాన్ని వరి మాగాణి మినుము ఉదాహరణగా పరిశీలించవచ్చు. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులో మినుము విత్తనాన్ని వెదజల్లి, నేలలో మిగిలిన తేమతోనే పంట తీయడం చిరకాలంగా వస్తున్న పద్ధతి. కూలీలు వరి కోసినంత కాలం ఇది చక్కగా సాగింది. కోత యంత్రాలు వచ్చాక చిక్కు మొదలైంది. యంత్రం దిగాలంటే మడి ఆరాలి. మినుము మొలవాలంటే తేమ నిలవాలి. చక్రాల కింద విత్తనం, మొలకలు దెబ్బతింటాయి. వీటికి బంగారు తీగ, తెల్లదోమ ద్వారా వ్యాపించే పల్లాకు తెగులు తోడవుతాయి.

ఈ సమస్యపై సేద్య విభాగం ఒంటరిగా ప్రతిపాదన రాస్తే విత్తే సమయం, విత్తన మోతాదు ప్రయోగాంశాలవుతాయి. ప్రజనన శాస్త్రవేత్త తెగులును తట్టుకొనే రకం వైపు, వ్యవసాయ ఇంజనీరు యంత్రం బరువు వైపు చూస్తారు. ఇవన్నీ అవసరమే. అయితే కోత తేదీ రైతు చేతిలో ఉందా, అద్దె యంత్రం వంతు వచ్చే రోజును బట్టి ఉందా అన్నది గ్రామాల్లో తిరిగే విస్తరణ శాస్త్రవేత్తకే బాగా తెలుస్తుంది. యంత్రం ఎప్పుడు వస్తుందో తెలియని రైతుకు ‘కోతకు మూడు రోజుల ముందు విత్తండి’ అనే సిఫారసు ఉపయోగపడదు. ఈ సమాచారం ముందే అందితే పరిశోధన ప్రశ్నే మారుతుంది. కోత తరువాత విత్తే పద్ధతి కూడా ప్రయోగంలో చోటు పొందుతుంది. ప్రతిపాదన పంపడానికి రెండు రోజుల ముందు అందితే దానిని చేర్చడానికి బడ్జెట్టూ ఉండదు, వ్యవధీ ఉండదు.

కాలం లెక్క కూడా గమనించదగినది. వరి మాగాణుల్లో మినుము విత్తేది నవంబరు, డిసెంబరు నెలల్లో. మూడేళ్ల ప్రాజెక్టుకు జనవరిలో మంజూరు లభిస్తే ఆ ఏటి పంట అప్పటికే దాటిపోయి ఉంటుంది. వచ్చే నవంబరులోగా నిధులు జమ కావడం, పరిశోధన సహాయకుల నియామకం, టెండరు ద్వారా పరికరాల కొనుగోలు పూర్తి కాకపోతే రెండో పంట కూడా చేజారుతుంది. అన్నీ సవ్యంగా జరిగినా మిగిలేవి రెండు పంటకాలాలే. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ వంటి తుపాను ఒక ఏడాది వస్తే సిఫారసుకు తగిన సమాచారం ఉండదు. ఆ ప్రాజెక్టుపై ఆధారపడిన స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసమూ అసంపూర్ణమవుతుంది. కనుక పరికరం ఎవరు కొనాలి, ఏ గ్రామాల్లో ప్రయోగం చేయాలి అన్న నిర్ణయాలు ప్రతిపాదన పంపే నాటికే జరిగి ఉండాలి.

ప్రకటనకూ గడువుకూ మధ్య నెల, నెలన్నర మాత్రమే ఉన్నప్పుడు ఇంత సమన్వయం సాధ్యమా అన్న సందేహం సహజం. ప్రకటన కోసం వేచి ఉంటే సాధ్యం కాదు. కానీ రైతు సమస్యలు ప్రకటనలతో పాటు పుట్టవు. ఖరీఫ్, రబీ సీజన్లకు ముందు జరిగే మండల స్థాయి పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాల్లో అవి మన ముందుకు వస్తూనే ఉన్నాయి. అక్కడ గుర్తించిన ముఖ్య సమస్యలపై రెండేసి పుటల భావన పత్రాలను ఉమ్మడిగా రాసి పరిశోధన సంచాలకుల కార్యాలయంలో ఉంచాలి. ప్రకటన వచ్చినప్పుడు వాటిని నిర్ణీత నమూనాలోకి మార్చడమే మిగులుతుంది. గడువుకు మూడు వారాల ముందు ప్రతి భాగస్వామి తన బడ్జెట్టును తానే రాసి ఇవ్వాలి; రెండు వారాల ముందు ఆ విషయంతో సంబంధం లేని సహచరుడొకరు ముసాయిదాను చదవాలి; చివరి వారాన్ని సంస్థాగత ఆమోదానికి వదలాలి.

ముందుగా చెబితే ఆలోచన పరుల పాలవుతుందన్న భయం కొందరిలో ఉంది. అది నిరాధారం కాదు. అయితే దాచడం వల్ల ఆ భయం తీరదు. ఎవరి బాధ్యత ఏమిటి, నిధుల్లో ఎవరి వాటా ఎంత, ప్రచురణల్లో పేర్ల వరుస ఏమిటి అన్నవి భావన పత్రంలోనే నమోదు చేస్తే వివాదానికి తావు తగ్గుతుంది.

నిధుల సంస్థల ధోరణి కూడా ఇటే సాగుతోంది. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ తన ‘పెయిర్’ కార్యక్రమానికి ఒక కేంద్ర సంస్థ చుట్టూ పలు సంస్థలు కలిసి పనిచేసే నమూనాను ఎంచుకొంది. అటువంటి భాగస్వామ్యాలు నాలుగు రోజుల్లో కుదిరేవి కావు.

రానున్న సలహా మండలి సమావేశానికి ప్రతి పరిశోధన స్థానం కనీసం ఒక భావన పత్రంతో రావాలని, దానిపై కనీసం ఒక విస్తరణ శాస్త్రవేత్త పేరు తొలి పుటలోనే ఉండాలని నా సూచన. దీనికి కొత్త నిధులు గానీ, కొత్త ఉత్తర్వులు గానీ అక్కరలేదు. విత్తే అదను దాటాక ఎంత మంచి విత్తనమైనా ఆశించిన ఫలితం ఇవ్వదని రైతుకు చెప్పే మనం, మన ప్రతిపాదనలకూ అదే సూత్రాన్ని వర్తింపజేసుకోవాలి.