హార్మోనియమును మన బిడ్డల చెవియు

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున, సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములందు పాటకు కొదువ లేదు. భజనలు గలవు, తత్త్వములు గలవు, పద్యనాటకములు గలవు. తుంగభద్ర కావలి సీమలోని చీకలపర్విలో జన్మించిన విజయదాసు (1682–1755) మొదలగు హరిదాసుల పదములు గలవు. కాని దాసులు చేతబట్టిన తంబుర యేది? దాని స్థానమున హార్మోనియపు పెట్టె కూర్చున్నది. చదువుకొన్నవారి యిండ్లలో నా పెట్టెకు బదులుగా విద్యుత్ కీబోర్డు వచ్చినది. బాలబాలికల సరళీస్వరములు దానిమీదనే ప్రారంభమగుచున్నవి. ఈ యాచారము మన బిడ్డల చెవిని చెఱచుచున్నదని మా యభిప్రాయము.

చెఱచుట యెట్లని యడుగువారు లెక్క చూతురు గాక. షడ్జమునకు సెకనుకు 240 కంపనము లనుకొందము. దానిలో లీనమై పలుకు అంతరగాంధారము 5:4 నిష్పత్తి గలది, అనగా 300 కంపనములు. ఇది యే శాస్త్రకారుడును విధించినది కాదు. జీవ చక్కగా సవరించిన తంబురను మీటి చెవి యొగ్గుడు. షడ్జపు తీగలోనుండియే యీ గాంధారము పైస్థాయిలో తనంత తాను మ్రోగును. 1550లో విజయనగరమున అళియ రామరాయల యాశ్రయమందు స్వరమేళకళానిధిని రచించిన రామామాత్యుడు స్వయంభూస్వరములని పేర్కొనుట యూరక కాదు. ఆదోని దుర్గ మా సామ్రాజ్యములోనిదే. అనగా నీ విషయము మనకు దూరపు సుద్ది కాదు, పొరుగు మాట.

హార్మోనియ మేమి చేయును? స్థాయిని పండ్రెండు సమభాగములుగా గోయును. అందలి అంతరగాంధారము 300 కాదు, 302.4. రెండున్నర కంపనములైన లేవే యని నవ్వుదురా? శుద్ధముగా బాడు గొంతును, ఆ మెట్టును ఒక్కమారు మ్రోగనిండు. సెకనుకు రెండు మూడు పర్యాయములు నాదము పొంగుచు గ్రుంగుచు అలలు గొట్టును. సాధారణగాంధారమునకు 6:5 నిష్పత్తి చొప్పున 288 కంపనము లుండవలెను, పెట్టెలో 285.4 మాత్రమే యుండును. ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు. పంచమమున మాత్రము భేద మత్యల్పము. అందుచేతనే షడ్జపంచమములు మాత్రము విని పెట్టెను గొన్న గృహస్థునకు అది నిక్కమైన శ్రుతిగా దోచును.

పసిబిడ్డకు తప్పొప్పుల యెఱుక యెక్కడిది? వినిన దానినే ఒప్పు అనుకొనును. అయిదేండ్లు ఆ మెట్టుతో గొంతు గలిపిన పిల్లకు పిమ్మట తంబురలోని గాంధారము వినిపించిన, అది తగ్గియున్నదని చెప్పును. అప్పు డామె నేమందుము? బేగడయు, శహనయు, తోడియు ఆ చెవికి ఎన్నటికి జిక్కును? బేగడలోని నిషాదము మెట్టుపైన లేదు, రెండు మెట్ల సందున నున్నది. తోడి గాంధారము ఒక్కచోట నిలువనే నిలువదు. నిలువని దానిని నిలిపి చూపు వాద్యమును గురువుగా నొసగుట నదిని కుండలో దెచ్చి యిదియే తుంగభద్ర యని చూపినట్లు.

పాశ్చాత్యులు నిదే వాడుచున్నారు గదా యని నాగరికులు కొందఱందురు. వాడుచున్నారు; ఏల వాడుచున్నారో తెలిసియే వాడుచున్నారు. వారి సంగీతమున అనేకస్వరములు ఏకకాలమున బలుకవలెను. రచన నడుమ షడ్జమే స్థానము మార్చవలెను. ఒక్క వాద్యముపై నీ రెండును సాగుటకై గాంధారముల శుద్ధిని కొంత బలియిచ్చిరి. కొన్నది గొప్ప వస్తువే, ఇచ్చినది పెద్ద మూల్యమే. ఆ సంగతి వారి పండితులే దాచరు. మన రాగము మొదటినుండి తుదివఱకు ఒక్క షడ్జమునే నమ్ముకొని యుండును. మన మా వస్తువును గొనలేదు. మూల్యము మాత్రము చెల్లించి వచ్చితిమి. గాయకుని గొంతునకు తగినట్లు ఏ మెట్టునైనను షడ్జము చేసికొనవచ్చునను సౌకర్యము గలదన్న, నిజమే. అందుకు మెట్టు మార్చుట యేల, తంబుర బిరడా త్రిప్పిన జాలును. చిత్ర మేమనగా, తంబుర ముందు గూర్చున్న విద్వాంసులు సైతము తమ గొంతును నాలుగున్నర శ్రుతి, అయిదు శ్రుతి యని పెట్టెమెట్ల లెక్కతోనే చెప్పుకొనుచున్నారు!

పరదేశపు వాద్యమగుటచే మేము హార్మోనియమును దూషించుట లేదు. 1842లో పారిసున డెబాన్ హక్కుపత్రము పొందినాడని దానిపై మాకు కోపము లేదు. ఫిడేలును పరదేశపుదే. బాలుస్వామి దీక్షితులు దానిని గైకొనెను; ద్వారం వేంకటస్వామినాయుడు గారి చేతిలో నది తెలుగు పలికినది. దానికి మెట్లు లేవు. వ్రేలు చెవి చెప్పినచోట నిలుచును. భేద మంతయు నక్కడనే యున్నది.

అట్లని నిషేధమును గూడ మేము మెచ్చము. 1938లో ఢిల్లీ రేడియోలోని ఆంగ్లసంగీతజ్ఞుడు జాన్ ఫౌల్డ్స్ హార్మోనియమును ఖండించుచు వ్రాసెను; 1940 మార్చి 1వ తేదీనుండి ఆలిండియా రేడియో దానిని బహిష్కరించెను. రవీంద్రనాథ ఠాకూరు హర్షించెను. 1971లో నిషేధము సడలెను. ఈ ముప్పదియొక్క సంవత్సరములలో పెట్టె రేడియోనుండి తొలగెనే గాని మన పడమటింటినుండి తొలగెనా? ఆజ్ఞచే వాద్యము తొలగును, చెవి పుట్టదు. పైగా ధ్వనివర్ధకములు లేని దినములలో వేలకొలది జనులకు పద్యము వినిపింపవలసిన నటునకు ఆ పెట్టెయే దిక్కయ్యెను. ఆ కళాకారుని కడుపుకూటి పరికరమును నిందించుటకు మాకు మనసొప్పదు. ఆరుబయట నాటకశాల వేఱు, బిడ్డకు స్వరము నేర్పు గది వేఱు.

ఇక శ్రుతులు 22 అను సంఖ్యను మంత్రమువలె జపించు పండితులు గలరు. అబ్రహాం పండితర్ 1917లో ప్రకటించిన గ్రంథమున 24 యనెను. క్లెమెంట్సు, దేవల్‌లు 22 శ్రుతుల హార్మోనియమునే చేయించిరి. మెట్లు హెచ్చినంత మాత్రమున సావేరి ఋషభము కదలునా? భరతుడు రెండు వీణలను సమముగా శ్రుతిచేసి, ఒకదానిని గదల్పక రెండవదానిని కొంచెముకొంచెముగా దింపుచు శ్రుతులను నిరూపింపు మనెను. ఆ ప్రయోగమున సాక్షి సంఖ్య కాదు, చెవి. శ్లోకము వల్లించువారు ఆ వీణలను మాత్రము దింపి చూడరు.

మన గృహములకు వత్తము. బాలికకు సంగీతము నేర్పుట పెండ్లిచూపులనాడు నాలుగు కీర్తనలు వాయించుటకే యన్న కాలమున నీ పెట్టె మన యింట నడుగుపెట్టినది. ఆఱు నెలలలో ఫలితము చూపునది గదా! పెండ్లికొడుకు లేచిపోయిన పిమ్మట పెట్టె యటకెక్కెను. ఆ పిల్ల తన గొంతును తా నెన్నడును వినలేదు. తల్లిదండ్రు లామెకు విద్య నొసగలేదు, అలంకార మొసగిరి. నేడు పెండ్లిచూపులకు బదులు పోటీలును బహుమతులును వచ్చినవి. తప్పిన స్వరమును పండ్రెండు మెట్లలో నొకదానిపైకి నెట్టు యంత్రములును వచ్చినవి. అవి శహన గాంధారమును గూడ తప్పనియే యెంచి సవరించును.

తంబుర ఖరీదు భరింపలేమను గృహిణికి మా సమాధాన మిది. చేతిలోని సెల్ ఫోనులోనే తంబుర నాదము లభించుచున్నది. మొదటి రెండేండ్లు బిడ్డను షడ్జపంచమముల నాదము ముందు మాత్రమే కూర్చుండబెట్టుడు. స్వరమును మెట్టు నొక్కి చూపకుడు, పాడి చూపుడు. బిడ్డ తడబడును, వెదకును, దొరకించుకొనును. గాంధారము కలిసిననాడు అలలు అణగి నాదము నిశ్చలమగును. ఆ నిశ్చలతను బిడ్డయే ముందుగా గుర్తించును. తత్త్వములు పాడువాడు తంబురతో వాకిట నిలిచిననాడు పిడికెడు బియ్యము వేసి పంపివేయక, లోపలికి బిలిచి, బిడ్డను ప్రక్కన గూర్చుండబెట్టి, ఆ రెండు తీగలను ముందుగా మీటింపుడు.