లందబండ (రాళ్ల ముచ్చట – 4)



పోయిన వారం మా ఊర్లో గ్రామసభ జరిగింది. మా వాడను ఆనుకుని తూర్పున ఉన్న గుట్ట మీద గ్రానైట్ క్వారీ పెడతామంటున్నారు, ఊరికి అభ్యంతరం ఉందా లేదా అన్నది అందులో ఒక అంశం. కార్యదర్శి చదివిన కాగితంలో గుట్ట గురించి మూడే మాటలున్నాయి. సర్కారు భూమి. సాగుకు పనికిరాదు. ఖాళీగా ఉన్నది.

మొదటి రెండు మాటల మీద తర్వాతెప్పుడైనా కొట్లాడుకుందాం. నాకు ముల్లులా గుచ్చుకున్నది మూడోది. అందుకే మృత్తికల మీద రాస్తానని చెప్పిన భాగాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ఆ గుట్ట కింద ఒక పరుపు బండ ఉంది. పరుపు బండ అంటే తెలుసు కదా, నేలకు సమానంగా, పరిచినట్టు ఉండే బండ. ఊరివాళ్లు దాన్ని తూర్పు బండ అంటారు. మేం లందబండ అంటాం. లంద అంటే తోలు ఊనే తొట్టి. మా ముత్తాతల కాలం నుంచి మా నాయిన తరం సగం దాకా తోలు పని అక్కడే జరిగింది. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును తంగేడు చెక్క రసంలో ఊరబెట్టేవాళ్లు. ఆ చెక్కను ఎండబెట్టి దంచాలి. దంచింది ఆ బండ మీదే. దంచీ దంచీ బండలో గుంతలు పడ్డాయి. మా నాయినమ్మ మోకాళ్ల మీద కూర్చుని దంచిన గుంత నాకు చూపించింది. నా పిడికిలి పట్టేంత లోతు. అది ఆమె ఒక్కతే చేసిన లోతు కాదనుకోండి, ఆమె అత్త, అత్తకు అత్త కూడా అందులోనే దంచారు. గ్రానైట్‌లో గుంత పడాలంటే ఎన్ని చేతులు పోవాలో ఆలోచించండి.

ఇప్పుడు ఆ రాయి గురించి కొంచెం. సాహిత్యం చదువుకున్నవాడికి భూగర్భశాస్త్రం ఎందుకని క్లాసులో ఒక విద్యార్థి అడిగాడు. ఓరుగల్లు పేరులో రాయి ఉంది, నల్లగొండ పేరులో కొండ ఉంది, గోల్కొండలో గొల్లవాడూ ఉన్నాడు కొండా ఉంది. రాయి తెలియకుండా తెలంగాణ భాష ఎట్లా తెలుస్తుంది తమ్ముడూ?

మన గ్రానైట్లు, నైసులు దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటివి. హిమాలయాలు పైకి లేవడం మొదలై అయిదు కోట్ల ఏళ్లు. ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లటి దక్కన్ లావా రాళ్లకు ఆరున్నర కోట్ల ఏళ్లు. వాటి ముందు మన గుండ్లు ముత్తవ్వలు. ఇవి లావాలా బయటికి పొంగి గడ్డకట్టినవి కావు. భూమి లోపల, కిలోమీటర్ల లోతున, కరిగిన పదార్థం చాలా నెమ్మదిగా చల్లారితే ఏర్పడ్డవి. నెమ్మదిగా చల్లారింది కాబట్టే అందులో పలుకులు పెద్దవి. గాజులా మెరిసేది పలుగు, గులాబీ రంగుదీ తెల్లదీ ఫెల్డ్‌స్పార్, నల్లగా రేకులు రేకులుగా మెరిసేది అభ్రకం. అభ్రకాన్ని మా పిల్లలు కాకిబంగారం అంటారు.

పైనున్న నేలంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయింది. నెత్తి మీద బరువు తగ్గేసరికి రాయి సాగి, నిలువునా అడ్డంగా పగుళ్లు పడ్డాయి. పగుళ్లలోకి నీళ్లు దిగాయి. నీళ్లు ఫెల్డ్‌స్పార్‌ను మట్టిగా మారుస్తాయి, పలుగును మాత్రం ఏమీ చేయలేవు. పెట్టెలాంటి దిమ్మకు మూల దగ్గర నీళ్లు అన్ని వైపుల నుంచీ పట్టుకుంటాయి, అందుకే మూలలు ముందు అరుగుతాయి. పెట్టె గుండు అవుతుంది. అరిగిందంతా మొరం అవుతుంది. ఆ మొరాన్ని వానలు కడిగేస్తే గుండు మీద గుండు నిలబడి కనిపిస్తుంది. వాటిని ఎవరూ మోసుకొచ్చి పేర్చలేదు, మధ్యలో ఉన్నది పోయింది, అంతే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పుట్టగొడుగు బండ ఉంది కదా, అదీ ఇట్లా అరిగిపోగా మిగిలినదే.

ఈ కథలో మాకు సంబంధించిన వాక్యం ఒకటుంది. కడిగేసిన మెత్తటి మట్టి ఎక్కడికి పోతుంది? పల్లానికి. చెరువు కిందికి, నల్లగా, ఒండ్రుగా. ఆ మట్టి ఎవరి పట్టాల్లో ఉందో మీ ఊరి పహాణీ తిరగేస్తే తెలుస్తుంది. గుట్ట కింద మిగిలిన మొరం, గరుసు నేల ఎవరికొచ్చింది? మాకు. లావణి పట్టాలని పంచారు. నీళ్లు నిలవవు, నాగలి దిగదు. మా బాపు అందులో రాళ్లు ఏరిన ఏళ్ల కంటే పంట కోసిన ఏళ్లు తక్కువ. 1977 చట్టం ప్రకారం ఆ భూమిని ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు. మంచి చట్టమే. కానీ అదే నేల కింద కోసి పాలిష్ చేస్తే మెరిసే రాయి ఉందని తేలిన రోజు నుంచి మా గుట్ట చుట్టూ జీపులు తిరగడం మొదలైంది. కరీంనగర్ గోధుమ రంగు గ్రానైట్‌ను ‘టాన్ బ్రౌన్’ పేరుతో దేశదేశాల వంటగదుల్లో పరుస్తున్నారు. నేలగా ఉన్నంతకాలం పనికిరానిది బ్లాక్‌గా మారగానే పనికొచ్చింది.

పేర్ల సంగతి కూడా చెప్పుకోవాలి, అది నా పని కాబట్టి.

తెలంగాణ గుట్టల పేర్లు వరసగా రాసుకుంటూ పోతే ఒకటి కనిపిస్తుంది. ఎత్తుగా, అందంగా, నీడగా ఉన్న చోటల్లా పాండవులో సీతమ్మో రామక్కడో ఉంటారు. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో ఆదిమానవులు వేసిన రంగు బొమ్మలున్నాయి. అవి ఇసుకరాయి గుట్టలు, గ్రానైట్ కాదు. ఆ బొమ్మలు గీసినవాళ్లకు పాండవులెవరో తెలిసే అవకాశమే లేదు. అయినా గుట్ట పాండవులది. మరి పెద్ద పెద్ద బండలు నిలిపి, మీద మూతరాయి కప్పి, లోపల తమవాళ్లను పడుకోబెట్టిన సమాధులున్నాయే, ములుగు వైపు, పాత ఖమ్మం జిల్లా వైపు వందల్లో కనిపిస్తాయే, వాటిని ఏమంటాం? రాక్షస గుళ్లు. రాకాసి గూళ్లు. చూడటానికి బాగున్నది దేవుళ్లకు పోయింది, చెమటోడ్చి బండలెత్తినవాళ్లు రాక్షసులయ్యారు. అన్ని పేర్లూ కుట్రలని నేననను, జనం తమకు తెలిసిన కథల్లోంచే పేర్లు పెట్టుకుంటారు. కానీ ఏ కథలు తెలిసేలా చేశారన్నది మనం అడగాలి. నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సంతోషం. అక్కడి జనం వాటిని నిలువురాళ్లు అనే అన్నారు, ఇప్పటికీ మొక్కుతున్నారు. ఆ పేరులో ఏ అబద్ధమూ లేదు.

కొన్నేళ్ల కిందట చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఒక పెద్దమనిషి మా గుట్టకు వచ్చాడు. లందబండ మీద ఒక పక్క సన్నగా, నున్నగా, పొడుగ్గా గాడులున్నాయి. కొత్త రాతియుగం మనుషులు గొడ్డళ్లు నూరుకున్న గుర్తులవి అన్నాడు. మేం ఉబ్బిపోయాం. ఫోటోలు తీసుకున్నాడు, కొలతలు రాసుకున్నాడు. ఆయనకు బండ చూపించిన మా బాపు పక్కనే ఉన్న గుంతలను కూడా చూపించి, ‘సారూ, ఇవి మా అమ్మోళ్లు తంగేడు చెక్క దంచినవి’ అన్నాడు. ఆయన తల ఊపి, కెమెరా బ్యాగులో పెట్టుకున్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. మాతో కూర్చుని టీ తాగాడు. కానీ నాలుగు వేల ఏళ్ల కిందటి చెయ్యి అరగదీస్తే వారసత్వం, మా నాయినమ్మ చెయ్యి అరగదీస్తే ఏమీ కాదు. ఆ గాడులతో నూరిన గొడ్డలి ఏ చెట్టు కొట్టిందో ఎవరికీ తెలియదు. ఆ గుంతల్లో దంచిన చెక్కతో ఊనిన తోలు మోట తొండమై ఊరి పొలాలకు నీళ్లు తోడింది, చెప్పులై ఊరంతా నడిచింది, డప్పై ప్రతి పెళ్లికీ చావుకూ మోగింది. ఇది మాత్రం అందరికీ తెలుసు. తెలిసినదాన్ని ఎవరూ రాసుకోలేదు.

హైదరాబాద్‌లో రాళ్లను కాపాడాలని 1996 నుంచే ఒక సొసైటీ పనిచేస్తోంది. వాళ్ల మీద నాకు గౌరవమే, వాళ్లు లేకపోతే ఉన్న నాలుగు గుండ్లు కూడా మిగిలేవి కావు. కానీ ఇట్లాంటి ఉద్యమాల్లో తిరిగే ఫోటోలు చూడండి, రాళ్లుంటాయి, ఆకాశముంటుంది, మనిషి ఉండడు. కార్యదర్శి కాగితంలో ‘ఖాళీ’ అన్న మాటా, ఫోటోలో ‘ప్రకృతి’ అన్న మాటా నాకు పక్కపక్క ఇళ్లలా కనిపిస్తాయి. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం 2025లో విద్యార్థులు నిలబడ్డప్పుడు నేనూ వాళ్ల వైపే. జింకలూ నెమళ్లూ చెరువులూ పుట్టగొడుగు బండా, అన్నీ నిజమే. కంచ అంటే మాత్రం పశువులు మేసే బీడు. ఎవరో మేపారు కాబట్టే అది కంచ. అదే క్యాంపస్‌లో వెలివాడ కట్టిందీ, రోహిత్ వేముల నక్షత్రాల గురించి ఆలోచించిందీ. సాగన్ లాగా సైన్స్ రాయాలనుకున్న మనిషి అతను. మన గుండ్ల గురించి అతను తెలుగులో రాసి ఉంటే ఈ సిరీస్ నేను రాయాల్సిన పని ఉండేది కాదు.

సరే, ఇంతవరకు మీరంతా నాతో ఒప్పుకుంటూ వచ్చి ఉంటారు. మా చిన్నాయిన కొడుకు ఒప్పుకోలేదు. వాడు పక్క మండలంలో క్వారీలో కంప్రెషర్ పట్టుకుని బండకు రంధ్రాలు వేస్తాడు. గ్రామసభకు ముందురోజు రాత్రి మా అరుగు మీద కూర్చుని, ‘అన్నా, నువ్వు జీతం తీసుకుని రాయి గురించి రాస్తవు. నేను రాయి కొడితేనే జీతం. ఊర్లోనే క్వారీ వస్తే బస్సు కిరాయన్న మిగులుతది’ అన్నాడు.

నా దగ్గర తయారుగా జవాబు లేదు. వాడు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో దగ్గుతున్నాడు. రంధ్రం వేసేటప్పుడు లేచే దుమ్ములో ఉండేది పలుగే. 250 కోట్ల ఏళ్ల వాన కూడా కరిగించలేని పలుగు, ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడా కరగదు. దాన్నే సిలికోసిస్ అంటారు. వచ్చాక నయం కాదు. దుమ్ము లేవకుండా నీళ్లు పోస్తూ రంధ్రం వేసే పద్ధతి ఉంది, వాళ్ల దగ్గర నీళ్లు పోయరు, మూతికి తువ్వాలే. టీబీ అని మందులు మింగుతూ పోయినవాళ్లను మా చుట్టాల్లో నేను చూశాను. తరతరాలుగా రాయి ఎటు పగులుతుందో చూపుతో చెప్పగలిగిన వడ్డెర అన్నలను కూడా అడగండి, వాళ్ల ఇళ్లల్లో ముసలివాళ్లు ఎందరు మిగిలారో. వాడితో నేను చరిత్ర గురించి మాట్లాడటం మానేసి ఎక్స్‌రే గురించి మాట్లాడాను. ఈ సోమవారం జిల్లా ఆసుపత్రికి పోతున్నాం.

నా అభిప్రాయం దాచుకోను. క్వారీ వద్దు. కానీ ‘ఈ బండ అందమైనది, పురాతనమైనది, కాబట్టి ముట్టుకోకండి’ అన్న వాదనతో నేను వద్దనను. ఆ వాదన గెలిస్తే రేపు కంచె వేసి, టికెట్ పెట్టి, మా మేకలను కూడా ముట్టుకోనివ్వరు. ఇది మేం పనిచేసిన చోటు, ఇప్పటికీ మా ఆడవాళ్లు వడ్లు, మిరపకాయలు ఎండబోసుకునే చోటు, ఊరి బావి మాకు మూసేసిన రోజుల్లో వానాకాలం మేం తాగిన నీళ్లు నిలిచిన దొన ఉన్న చోటు. ఆ పనికి, ఆ నీళ్లకు కాగితం మీద చోటు కావాలి. దాంతోపాటు మా తమ్ముడిలాంటి వాళ్లకు దుమ్ము లేని కూలీ కావాలి. జిల్లా ఖనిజ నిధి అని 2015లో చట్టంలో పెట్టారు, గనుల వల్ల దెబ్బతిన్న ఊర్ల కోసం. పక్క మండలంలో ఆ డబ్బు దేనికి ఖర్చయిందో సమాచార హక్కు కింద అడిగాం. జవాబు వచ్చాక ఇక్కడే పెడతాను.

గ్రామసభలో మా బాపు లేచాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ‘ఖాళీ అని రాసిండ్రు గదా సార్, ఒక్కసారి వచ్చి చూసి రాయుండ్రి’ అన్నాడు. కొందరు నవ్వారు. అంశం వచ్చే నెలకు వాయిదా పడింది.

మర్నాడు పొద్దున్నే బాపు, నేను, వాడ పిల్లలు నలుగురు లందబండ మీదికి పోయాం. గుంతల్లో పేరుకున్న మట్టి తీసి, చీపురుతో ఊడ్చి, నీళ్లు పోసి కడిగాం. నీళ్లు నిలిచాక లెక్కపెట్టడం తేలికైంది. పదిహేడు. ఒక్కో గుంత దగ్గర ఎవరు కూర్చునేవాళ్లో బాపు చెబుతుంటే డిగ్రీ చదివే పిల్ల నోట్‌బుక్‌లో రాసుకుంది. పదకొండింటికి పేర్లు దొరికాయి. మిగతా ఆరింటి కోసం కింది వాడలో ఉన్న ముసలామెను అడగాలి, ఆమె బిడ్డ దగ్గరికి పోయింది, ఆదివారం వస్తుందట.