వంటగట్టు మార్చాలంటే ఎవరిని అడగాలి?

జీఎస్-2లో పాలన అనే మాట రాగానే మనం పెద్ద విషయాలతో మొదలుపెడతాం. సమాఖ్య వ్యవస్థ, 74వ సవరణ, ఈ-గవర్నెన్స్. కానీ మామూలు మనిషికి ప్రభుత్వం ఎదురయ్యేది చాలా చిన్న పనుల్లో. వంటింట్లో గట్టు ఎత్తు పెంచాలి, సింకు పక్కకు జరపాలి, పొగ పోవడానికి గోడకు కన్నం పెట్టాలి. ఈ పనులకు అనుమతి కావాలా? ఎవరివ్వాలి? ఎన్ని రోజుల్లో ఇవ్వాలి? ఈ వారం వ్యాసానికి ఆ ప్రశ్నే తీసుకున్నాను. అందుకు మా ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఊరి నేపథ్యం రెండు ముక్కల్లో చెప్తాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టుకున్న ఊరు ఇది. 1902లో ఈస్ట్ కోస్ట్ లైను ఉత్తర భాగం ఆ కంపెనీ చేతికి వచ్చాక, వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న ఊళ్లకూ ఖరగ్‌పూర్‌కూ ఒకే రైల్వే అయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు వర్క్‌షాపు పనికి వచ్చి స్థిరపడ్డారు. కొన్ని ఇళ్లలో ఇప్పుడున్నది మూడో తరమో నాలుగో తరమో. తాత ఉన్న క్వార్టర్ వేరు, తండ్రి ఉన్నది వేరు, కానీ ఏ తరానిదీ సొంత ఇల్లు కాదు. ఈ వ్యాసంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

ముందు అధికార పరిధి చూద్దాం. భవన నిర్మాణ నియంత్రణ పన్నెండో షెడ్యూల్‌లో రెండో అంశం, అంటే అది పురపాలక సంస్థలకు అప్పగించదగిన పని. ఖరగ్‌పూర్‌కు మున్సిపాలిటీ 1954 నుంచీ ఉంది. ఎవరైనా రిటైరై మలంచలోనో ఇందాలోనో స్థలం కొని ఇల్లు కడితే 1993 నాటి పశ్చిమ బెంగాల్ మున్సిపల్ చట్టం, 2007 నాటి భవన నియమాలు వర్తిస్తాయి. ప్లాను పెట్టాలి, మంజూరు తీసుకోవాలి.

రైల్వేలు ఏడో షెడ్యూల్ కేంద్ర జాబితాలో 22వ అంశం. రైల్వే చట్టం, 1989లోని సెక్షన్ 11 ప్రకారం, ఇతర చట్టాలు ఏం చెప్పినా, రైల్వే పరిపాలన తన అవసరానికి ఇళ్లు, ఆఫీసులు కట్టుకోవచ్చు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, జవాబులో రాస్తే మార్కులు తెచ్చేది. ఆ వెసులుబాటు రైల్వే పరిపాలనకు మాత్రమే, క్వార్టర్‌లో ఉంటున్న ఉద్యోగికి కాదు. ఉద్యోగి అద్దెదారు కూడా కాదు, లైసెన్సీ. అందుకే జీతంలో కోసేదాన్ని అద్దె అనరు, లైసెన్సు ఫీజు అంటారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 52 లైసెన్సును నిర్వచిస్తుంది: వాడుకునే అనుమతి ఉంటుంది, ఆస్తిలో హక్కు మాత్రం ఏర్పడదు.

ఇక తప్పితే ఏమవుతుంది? పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం, 1971లోని 5బి సెక్షన్ చదవండి. అక్రమంగా చొరబడినవాళ్ల మీదే కాదు, సక్రమంగా కేటాయింపు పొంది ఉంటున్నవాళ్లు అనుమతి లేని నిర్మాణం చేసినా ఎస్టేట్ ఆఫీసర్ కూల్చివేతకు ఆదేశించవచ్చు. అంతకుముందు ఏడు రోజులకు తక్కువ కాని నోటీసు ఇచ్చి వాదన వినాలి. ఆదేశం మీద జిల్లా జడ్జికి అప్పీలు చేసుకోవచ్చు. దీనికితోడు క్వార్టర్‌కు సంబంధించిన బకాయిలను రిటైరైనప్పుడు వచ్చే గ్రాట్యుటీ నుంచి రాబట్టుకునే వీలు 1993 నాటి రైల్వే పెన్షన్ నియమాల్లో ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసు చివర్లో చేతికి వచ్చే డబ్బు అది. దాని మీద దెబ్బ పడుతుందేమోనన్న భయం చిన్నది కాదు.

అంటే శిక్ష వైపు చట్టం స్పష్టంగానే ఉంది. సెక్షన్, అధికారి, నోటీసు, అప్పీలు అన్నీ ఉన్నాయి. అడిగే వైపు అంత స్పష్టత లేదు. ఇంట్లో ఏదైనా పాడైతే రాయించడానికి ఆఫీసు ఉంది, పాతవాళ్లు ఇంకా ఐ.ఓ.డబ్ల్యూ. ఆఫీసు అనే అంటారు. అయితే మరమ్మతు వేరు, మార్పు వేరు. పగిలిన గచ్చు వేయించడం మరమ్మతు. గట్టు ఎత్తు పెంచడం మార్పు. దానికి ఏ పని ఏ తరగతి, ఎవరి సంతకం, ఎన్ని రోజులు అన్నది ఉద్యోగి ఇంట్లో గోడకు అంటించుకునేంత తేలికగా ఉండాలి.

అడిగే దారి లేని నియమం

ఈ వ్యాసంలో నా వాదన ఒక్కటే. అడిగే దారి లేకుండా వద్దు అని మాత్రమే చెప్పే నియమం క్రమశిక్షణను పెంచదు. పనిని చాటుకు నెడుతుంది.

చాటు పని ఎలా ఉంటుందో చూడండి. ఆదివారం పూట, తలుపు వేసుకుని, తెలిసిన మేస్త్రీతో ఒక్క రోజులో ముగించేయాలి. ఇంజనీరును అడిగితే పని బయటపడుతుంది కాబట్టి అడగరు. పాత క్వార్టర్లలో బరువు మోసేది ఇటుక గోడే. చిమ్నీ గొట్టానికి ఎక్కడ కన్నం పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు అన్నది మేస్త్రీ అంచనాకు వదిలేస్తారు. కడప బండ వేస్తే దాని బరువు దేని మీద పడుతుందో ఎవరూ లెక్క చూడరు.

కరెంటు సంగతి ఇంకా నేరుగా చెప్పొచ్చు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. లైట్లకూ ఫ్యాన్లకూ పెట్టే మామూలు సాకెట్ 6 ఆంపియర్లది. దానికి పెట్టాల్సింది 16 ఆంపియర్ల సాకెట్, తగిన మందం ఉన్న వైరు, ఎర్తింగు. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే నేల దగ్గరే పేరుకుంటుంది. అందం కోసం కింది గాలి కంతను సిమెంటుతో మూసేస్తే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. నియమం ఉన్నది ఈ ప్రమాదాలను ఆపడానికే. కానీ చాటుకు పోయిన పనిలో సరిగ్గా ఈ తనిఖీలే జరగవు.

ఇంకో కోణం జీఎస్-1కీ పనికొస్తుంది. కేటాయింపు ఉద్యోగి పేరు మీద ఉంటుంది. గట్టు ఎత్తు సరిపోక నడుం నొప్పి పడేది చాలా ఇళ్లలో ఆయన కాదు. రోజూ మూడు పూటలా అక్కడ నిలబడే మనిషికి ఫైల్లో ఎక్కడా పేరుండదు. సొంత ఇల్లు వచ్చాక చూద్దాంలే అనే మాట మీద ఒక తరం ఆడవాళ్ల వంటింటి జీవితం గడిచిపోతుంది.

రైల్వే వైపు వాదన

రైల్వే వైపు నుంచి బలమైన అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, క్వార్టర్ ప్రజల ఆస్తి. ఇవాళ ఒకరి అభిరుచికి మార్చింది రేపు వచ్చేవారికి ఇబ్బంది కావచ్చు. రెండోది, ఒక్క గట్టుతో ఆగదు. వెనక వరండా గదవుతుంది, ఆ గదిని బయటివాళ్లకు అద్దెకిస్తారు. మూడోది, పాత గోడలకు తెలియనివాడు ఉలి పెడితే పక్క ఇంటికీ ముప్పే.

మూడూ నిజమే. అయితే మూడింటికీ జవాబు ఒకే నిషేధం కాదు, విభజన. కొత్తగా పునాది తవ్వాల్సి వస్తే అది వంటింటి పని కాదు, ఆక్రమణ. దాన్ని ఆపాలి, గట్టిగానే ఆపాలి. నాలుగు గోడల లోపల, గోడను ముట్టుకోకుండా జరిగే పనిని మాత్రం అదే గాటన కట్టకూడదు. 2024 నవంబరు 13న కూల్చివేతల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఇలాంటి విభజనే చేసింది. మామూలుగా 15 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి అంటూనే, రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ నిర్మాణాలకు ఆ రక్షణ ఇవ్వలేదు. ప్రమాదం ఎక్కడ ఎక్కువో అక్కడ కఠినత్వం, లేనిచోట వెసులుబాటు.

ఈ విభజనకు నమూనాలు మన దగ్గరే ఉన్నాయి. జాతీయ భవన నియమావళి, 2016 ప్రకారం నిర్మాణ బలం, అగ్ని భద్రత, ఆరోగ్య నిబంధనలు దెబ్బతిననంత వరకు గచ్చు మార్చడం, ప్లాస్టరింగు, సున్నం, రంగులు, కిటికీ తలుపు తెరవడం మూయడం వంటి పనులకు అనుమతి అక్కర్లేదు. అది సలహా పత్రమే, రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలవుతుంది. కానీ ఆలోచన సరైనది. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ఇంకో అడుగు వేసింది. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి బదులు రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. పెద్ద భవనాలకు 21 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. అబద్ధపు ధ్రువీకరణ ఇస్తే మాత్రం చర్య. సొంత స్థలంలో కొత్త ఇల్లు కట్టేవాడిని ఇంత నమ్మిన వ్యవస్థలు మనకున్నప్పుడు, ముప్పై ఏళ్లుగా తన దగ్గర పని చేస్తున్న ఉద్యోగిని వంటగట్టు విషయంలో నమ్మడం కష్టమా?

మేస్త్రీ ఎక్కడ?

కాంట్రాక్టరు నియమాలను మనం సాధారణంగా ఇంటివాడి కోణంలోనే చదువుతాం. పని చెడితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది, అందులో సేవ నిర్వచనంలో గృహ నిర్మాణం కూడా చేరి ఉంది. కానీ చాటుగా చేయించుకున్న పని గురించి ఎవరు ఏ కమిషన్‌కు వెళ్లగలరు? రశీదు ఉండదు, ఒప్పందం ఉండదు.

మేస్త్రీ పరిస్థితి అంతకన్నా పలచన. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, 10 లక్షల రూపాయలు దాటని సొంత ఇంటి పనికి మనుషులను పెట్టుకున్నవారిని పరిధి నుంచి తప్పించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలో ఆ పరిమితి 50 లక్షలు. చిన్న ఇంటివాడి మీద భారం వేయకూడదన్నది దీని ఉద్దేశం, అందులో తప్పు లేదు. ఫలితం మాత్రం ఇంకొకరి మీద పడింది. సంక్షేమ బోర్డులో చేరాలంటే ఏడాదిలో 90 రోజుల నిర్మాణ పని చూపాలి. ఒక ఇంట్లో రెండు రోజులు, ఇంకో ఇంట్లో మూడు రోజులు వంటిళ్లు బాగుచేసే మేస్త్రీకి ఆ 90 రోజులకు కాగితం ఎవరిస్తారు? అదే రైల్వే కాంట్రాక్టరు కింద పని చేస్తే, కాంట్రాక్టరు కూలి ఎగ్గొట్టినా ప్రధాన యజమాని చెల్లించాలన్న సూత్రం పాత కాంట్రాక్టు కార్మిక చట్టంలో ఉండేది, కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. ఒకే కాలనీ, ఒకే తాపీ, రెండు రకాల రక్షణ. వర్క్‌షాపు కార్మికుల సమ్మెలు చూసిన ఊరిలో, వి.వి. గిరి సంఘం పని చేసిన రైల్వేలో, ఈ తేడా మనకు గుచ్చుకోవాలి.

ఏం చేయొచ్చు?

నా సూచనలు ఐదు. ఏదీ కొత్త చట్టం అడగదు.

1. క్వార్టర్లలో పనులను మూడు జాబితాలు చేయాలి: చెప్పి చేసుకునేవి, అనుమతితో చేసుకునేవి, చేయకూడనివి. జాబితా ఉద్యోగుల మాతృభాషల్లోనూ ఉండాలి. మా కాలనీలో అంటే బెంగాలీ, హిందీలతో పాటు తెలుగు కూడా.

2. రెండో జాబితాకు 15 రోజుల గడువు పెట్టాలి. జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే. గోడ కోయడం, కొత్త కరెంటు లైను మాత్రం ఈ వెసులుబాటులోకి రాకూడదు. వాటిని శాఖ ఇంజనీరు చూడాలి, కరెంటు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలి.

3. చేసిన మార్పును ఆ క్వార్టర్ రికార్డులో రాయాలి. అది రైల్వే ఆస్తే అవుతుందని, పరిహారం అడగనని ఉద్యోగి సంతకం పెట్టాలి. తర్వాత వచ్చేవారికి ఏ గోడలో ఏముందో తెలుస్తుంది.

4. ఎన్నాళ్లుగానో ఉన్న చిన్న మార్పులను శిక్ష లేకుండా నమోదు చేసుకునే అవకాశం ఒక్కసారి ఇవ్వాలి. భద్రతకు ముప్పున్నవి మాత్రం తీయించాలి.

5. అనుమతి కాగితంలో మేస్త్రీ పేరు, పనిదినాలు రాసే గడి ఒకటి పెట్టాలి. అతని 90 రోజుల లెక్కకు అదే సాక్ష్యం అవుతుంది. ఖర్చు ఒక గడి ముద్రించినంత.

జవాబు రాసేటప్పుడు ఈ అంశాన్ని పౌర సేవల చార్టర్‌కూ సహజ న్యాయ సూత్రాలకూ ముడిపెట్టండి. సహజ న్యాయం అంటే శిక్షించే ముందు వినడం అని రాసి ఆపేస్తాం. నిషేధించే ముందు అడగనివ్వడం కూడా అందులో భాగమేనని నా అభిప్రాయం. రేపు మీలో ఒకరు ఎస్టేట్ ఆఫీసర్ కుర్చీలోనో మున్సిపల్ కమిషనర్ కుర్చీలోనో కూర్చోవచ్చు. 5బి నోటీసు మీద సంతకం పెట్టే ముందు ఫైల్లో ఒక కాగితం కోసం వెతకండి: ఈ మనిషి ముందే వచ్చి అడిగాడా, అడిగితే మనవాళ్లు ఏం చెప్పారు? ఆ కాగితానికి ఫైల్లో చోటే లేకపోతే, నోటీసు కంటే ముందు సరిచేయాల్సింది ఆఫీసునే.

సాధన ప్రశ్న: "అనుమతి విధానం సరళంగా లేనిచోట ఉల్లంఘన సాధారణమవుతుంది." ప్రభుత్వ నివాస గృహాల్లో చిన్న మార్పుల ఉదాహరణతో చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు.