"మా పంటలో పోషకాలు ఎక్కువ" అనే ముందు కొలిపిద్దాం

ప్రకృతి వ్యవసాయం చేసే మనం వీడియోల్లో తరచూ అనే మాట ఒకటుంది: "మా పంటలో పోషకాలు ఎక్కువ." నకరికల్లులో ఇంటి దగ్గర అమ్మినా, హైదరాబాద్‌కు పార్సిల్ వేసినా అదే చెప్తాం. ఇప్పుడు కొనేవాళ్లు తిరిగి అడుగుతున్నారు, "ఎంత ఎక్కువండీ?" అని. మనలో చాలామంది దగ్గర దానికి జవాబు లేదు.

అలాంటి జవాబులు వెతకడానికే డాక్టర్ టి. లోంగ్వా తన ఉద్యోగ జీవితం పెట్టారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఆయన ఆహార రసాయన శాస్త్రవేత్తగా పనిచేశారు. ఈశాన్య రాష్ట్రాల్లో జనం తింటున్నా పుస్తకాలకు ఎక్కని పెరిల్లా గింజలు, ఎరి పట్టుపురుగు ప్యూపాల్లాంటి వాటిని పరీక్షించారు. డాక్టర్ సి. గోపాలన్, సహచరులు 1971లో తెచ్చిన పోషక విలువల పుస్తకమే అప్పటికి దేశానికి ఆధారం. దాని తర్వాత లోంగ్వా బృందం 2017లో కొత్త పట్టికలు తెచ్చింది. దేశాన్ని 6 ప్రాంతాలుగా విడదీసి నమూనాలు సేకరించి, 528 ఆహారాల్లో 151 అంశాలు కొలిచారు.

ఆ పట్టికలు మనకు ఒకవైపు బలం. 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో 10 కూడా లేదు. అంటే రాగులు వేసుకున్న రైతు ఈ మాట ధైర్యంగా చెప్పొచ్చు. అది పంట గొప్పతనం.

కానీ జీవామృతంతో పండిన వరికీ, యూరియాతో పండిన వరికీ తేడా ఎంతో ఆ పట్టికలు చెప్పవు. పండించిన పద్ధతికి అందులో గడి లేదు. ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. ఆ సంస్థకు కూనూరులో పునాది వేసిన మెకారిసన్, విశ్వనాథ్‌తో కలిసి 1926లోనే దీనిపై రాశారు. పశువుల ఎరువుతో పండిన చిరుధాన్యం రసాయన ఎరువుతో పండినదాని కంటే మెరుగని వాళ్లకు తేలింది. తర్వాత వేరేవాళ్లు చేసిన పరీక్షల్లో ఫలితం అన్నిచోట్లా అలాగే రాలేదు.

అందుకే నా అభిప్రాయం: ఆ గడి మనమే అడగాలి, నింపడానికి సాయం కూడా చేయాలి. ఒక్క బస్తా ల్యాబ్‌కు పంపి, వచ్చిన కాగితం ఫొటో పెడితే రుజువు కాదు. ఒకే విత్తనం, పక్కపక్క మడులు, ఒకే రోజు కోత, ఒకే మిల్లు, ఒకే పట్టు ఉండాలి. దంపుడు బియ్యాన్ని పాలిష్ బియ్యంతో పోల్చి, ఆ తేడాను జీవామృతం ఖాతాలో వేస్తే అది మోసమే. తేమ తీసేసి లెక్క కట్టాలి. నాలుగైదు ఊళ్ల నుంచి, రెండు మూడేళ్లు నమూనాలు పోవాలి. ఒక్క రైతుకు ఈ ఖర్చు బరువే. సంఘంగా కలిస్తే, కృషి విజ్ఞాన కేంద్రాన్నో విశ్వవిద్యాలయాన్నో కలుపుకుంటే అయ్యే పనే.

ఫలితం మనకు వ్యతిరేకంగా వస్తే? రానివ్వండి. పురుగుమందు కొట్టలేదు, అప్పు తగ్గింది, నేలలో వానపాములు తిరిగొచ్చాయి అని చెప్పుకునే రైతుకు ఆ మాటలు ఎక్కడికీ పోవు. కొలవకుండా చెప్పిన గొప్ప ఒక్కటి అబద్ధమని తేలితే మాత్రం, నిజంగా ఉన్న గొప్పలను కూడా ఎవరూ నమ్మరు.